ఏడు తర్వాత తొమ్మిది

కిందటి వారం ఉమాశ్రీని గుడివాడ బస్టాండులో వదిలిపెట్టాం. భుజాన లాప్‌టాప్ సంచి, పక్కన తండ్రి అనంతపద్మనాభం, ఆయన చంకలో అట్ట ఫైలు. తండ్రీకూతుళ్ళిద్దరూ బందరు బస్సెక్కి, అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుని మంగినపూడి దారిలోని పల్లెపాలెం చేరేసరికి పదకొండు కావస్తోంది.

ఎందుకు బయల్దేరారో గుర్తులేనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పదహారు రోజుల కిందట, ఒక గురువారం మధ్యాహ్నం, సముద్రంలో పున్నారావు పడవ తిరగబడింది. తమ్ముడు దుర్గాశ్రీనివాస్ ఒక డబ్బా పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. పున్నారావు మూడోరోజున శవమై వచ్చాడు. గాలి రాబోతోందంటే పడవలవాళ్ళకి ఫోన్ చేసి తెలుగులో చెప్పే సేవ ఒకటుంది, దాని పేరు 'కెరటం కబురు'. నడిపేది ఉమాశ్రీ పనిచేసే గుడివాడ కంపెనీ. ఆ కంపెనీ ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకుంది. "హెచ్చరిక కాల్ చేశాం. ఎత్తలేదు" అని అందులో ఉంది. మరి ఆ ఫోను ఎవరి దగ్గరుంది? పున్నారావు భార్య కొండమ్మ దగ్గర. మొగుడి ప్రాణం ఆవిడ నిర్లక్ష్యంవల్లే పోయిందని ఉత్తరంలో ఎక్కడా లేదు. ఊరు మాత్రం దాన్ని అలాగే చదువుకుంది.

ఇంకొక్క సంగతి చెప్తేగానీ కొండమ్మ మీద పడ్డ బరువు అర్థం కాదు. పల్లెపాలెంలో సముద్రమ్మీదకి ఫోను తీసుకెళ్ళరు. ఉప్పుతడికి పాడవుతుంది, కాస్త దూరం పోతే సిగ్నలూ ఉండదు. ఫోను ఇంట్లో ఆడమనిషి దగ్గరుంటుంది. కబురు రాగానే ఆవిడే వాకీటాకీ సెట్టు తీసుకుని పడవకి చెప్పాలి. పడవని వెనక్కి పిలిచే గొంతు ఆ ఇంటి గొంతే అయ్యుండాలన్నది వాళ్ళ పట్టింపు. పరాయి గొంతు వెనక్కి పిలిస్తే ఆ పడవకి కీడు. అందుకే ఆ గురువారం వేటకెళ్ళిన మిగతా మూడు పడవల ఇళ్ళవాళ్ళు ఎవరిది వాళ్ళు పిలుచుకున్నారు, కొండమ్మ తన పడవని పిలుచుకుంటుందిలే అనుకున్నారు.

తుపాను షెల్టరు పై అంతస్తులో చాపలు పరిచారు. ఒక పక్క ఆడవాళ్ళు, గోడ వారగా మగవాళ్ళు. ముందర ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. విచారణ కోసం వచ్చిన అధికారి నాగభూషణరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఆయన పక్కన కూర్చున్నది శశిధర్, కంపెనీ మేనేజరు, ఉమాశ్రీ పై అధికారి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన రిపోర్టు.

ఉమాశ్రీ వెతికింది కొండమ్మని. ఆవిడ చాప చివర కూర్చునుంది. చుట్టూ ఇద్దరు ముగ్గురు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అంతమంది ఇరుక్కుని కూర్చున్న గదిలో ఆ ఒక్కచోటే ఎవరూ కూర్చోలేదు. అది చూసేసరికి ఉమాశ్రీకి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ ఖాళీలో, కొండమ్మ పక్కన, చాపమీద కూర్చుంది. శశిధర్ తలెత్తి చూశాడు. చూసి, రిపోర్టు వైపు చూపు తిప్పుకున్నాడు.

"మరి కానిద్దామండీ," అన్నారు నాగభూషణరావు. "నా రిపోర్టు ఇవాళ పైకి వెళ్ళిపోవాలి. కంపెనీవారు ఏం చెప్తారో చెప్పండి."

శశిధర్ గొంతు సవరించుకున్నాడు. "పద్నాలుగో తారీఖున పన్నెండూ పదికి మా సిస్టమ్ నుంచి లిస్టులో ఉన్న నాలుగువందల పన్నెండు నంబర్లకీ కాల్ వెళ్ళిందండీ. పున్నారావు గారి పడవకి సంబంధించిన నంబరు ఎదురుగా 'ఎత్తలేదు' అని ఉంది. మేం చెయ్యగలిగింది చేశాం. చాలా బాధాకరం. కానీ అవతల ఫోను ఎత్తకపోతే..." అని అక్కడ ఆపాడు. మిగిలింది ఊరు పూరించుకుంటుందని అతనికి తెలుసు.

గోడ వారగా ఎవరో నిట్టూర్చారు. చాప ముందు వరసలో కూర్చున్న నాంచారమ్మ, పున్నారావు తల్లి, వెనక్కి తిరక్కుండానే అంది. "ఆ రోజు అప్పయ్య ఇంట్లో పెళ్ళి. మేళం మోగుతోంది. పెళ్ళికి చందువా చేపలు తెస్తానని నా కొడుకు ముందురోజే వెళ్ళాడు. ఇది పెళ్ళి చూస్తా కూకుంది. ఫోనెక్కడ వినపడుద్ది."

"చీర కొంగులోనే ఉందత్తా," అంది కొండమ్మ. గొంతు అరిగిపోయి ఉంది. ఆ మాట ఈ పదహారు రోజుల్లో ఎన్నిసార్లు అందో. "మోగలేదు."

"మోగితే కదా ఎత్తలేదని రాస్తారు. చదువుకున్నోళ్ళు అబద్ధం రాస్తారా?"

ఇదీ ఉమాశ్రీ భరించలేకపోయిన మాట. బటన్ల ఫోను చూద్దామంటే అందులో ఇరవై కాల్స్ దాటితే పాతవి చెరిగిపోతాయి, పరామర్శ ఫోన్లతోనే అవి ఎప్పుడో పోయాయి. నెట్‌వర్క్ కంపెనీ నుంచి కాగితాలు రావాలంటే నెల పడుతుందన్నారు. ఇక మిగిలింది చదువుకున్నవాళ్ళ మాట ఒక్కటే. నాగభూషణరావు గారు కలం తీశారు.

"ఆ మాట రాయకండి సార్," అంటూ ఉమాశ్రీ లేచి నిలబడింది. "ఆ ఫోను మోగలేదు. ఆ నంబరుకి మేం కాల్ చెయ్యనే లేదు."

శశిధర్ కుర్చీలోంచి లేచి, నవ్వు మొహంతోనే, "ఒక్క నిమిషం సార్, మా ఉద్యోగే," అంటూ ఆమెని మెట్ల దగ్గరికి నడిపించాడు. అక్కడ ఆ నవ్వు పోయింది.

"సెలవు పెట్టి ఇక్కడికొచ్చావా ఉమా? నీకేమన్నా మతిపోయిందా?"

"మతి ఉండబట్టే వచ్చాను సార్. కాల్ చెయ్యలేదని మీకు మర్నాడే తెలుసు. తెలిసి ఆ ఉత్తరం ఎలా రాశారు? ఆవిణ్ణి చూశారా అక్కడ? పక్కన కూర్చోడానికి మనిషి లేడు."

"చూడు, ఇది తవ్వకు. నీ మంచికే చెప్తున్నాను."

"నా మంచి మీరు చూడక్కర్లేదు. ఉద్యోగం తీసేస్తారు, అంతేగా? తీసేసుకోండి."

"ఉద్యోగం సంగతి కాదు," అన్నాడు శశిధర్. ఇంకేదో అనబోయి, మెట్ల కింద నుంచి ఎవరో వస్తుంటే మింగేశాడు. ఉమాశ్రీ వినడానికి ఆగలేదు. బెదిరింపులకి ఎన్ని రకాల పేర్లుంటాయో ఈ రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె చూసింది. 'నీ మంచికే' అన్నది వాటిల్లో మరీ పాతది.

తిరిగొచ్చేసరికి అనంతపద్మనాభం గారు బల్ల మీద ఫైలు విప్పేశారు. ముప్ఫై రెండేళ్ళు తాలూకా ఆఫీసు రికార్డు రూములో పనిచేసిన మనిషి. కాగితం కనిపిస్తే అంచులు సమంగా సర్దందే చెయ్యి ఊరుకోదు.

"మీరెవరండీ?" అని అడిగారు నాగభూషణరావు.

"అమ్మాయి తండ్రినండీ. నకళ్ళు తెచ్చాను. ఏ వెర్షనుకావెర్షను, పూర్తిగా. ఒక్క లైను చాలంది మా అమ్మాయి. సగం నకలు నకలు కాదని నేనే మొత్తం ప్రింటు తీయించాను."

ఉమాశ్రీ లాప్‌టాప్ తెరిచింది. కోపాన్ని అదుముకుని, అందరికీ అర్థమయ్యేలా చెప్పాలనుకుంది.

"మా కంపెనీకి సొంతంగా సర్వరంటూ లేదండీ. క్లౌడ్‌లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఫంక్షన్ అంటాం దాన్ని. మామూలప్పుడు పడుకునుంటుంది. గాలివాన కబురు రాగానే లేచి, లిస్టులో నంబర్లకి ఫోన్లు చేసి, మళ్ళీ పడుకుంటుంది. ఎవరికి చెయ్యాలి, ఎవరిని వదిలెయ్యాలి అన్నది దాని సెట్టింగుల్లో ఉంటుంది. సెట్టింగు మార్చినప్పుడల్లా ఒక కొత్త వెర్షనుగా దాస్తాం. దానికి వరస నంబరు పడుతుంది. ఒకసారి నంబరు పడ్డాక అందులో అక్షరం కూడా మార్చడం ఎవరివల్లా కాదు."

"మరి మీ దగ్గరున్న ఈ కాగితాలేంటమ్మా?"

"ప్రతి సోమవారం పొద్దున్నే ఒక ఆటోమేషన్ టూల్‌తో ఆ ఫంక్షన్ వివరాలు తెప్పించి దాచుకుంటానండీ. ఏమేం కావాలో ముందే ఒక జాబితా రాసిపెట్టాను. అది వెళ్ళి క్లౌడ్‌ని అడుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న వెర్షను ఏది, ఎప్పుడు మార్చారు, సెట్టింగులేంటి, అని. వచ్చిన జవాబు తెచ్చి ఫైల్లో పెడుతుంది. అంతే. దేన్నీ మార్చదు."

"అడుగుద్ది గానీ ముట్టుకోదన్నమాట," అంది కొండమ్మ చాప చివర్నించి.

"అవునక్కా. అడగడమే." ఉమాశ్రీ బల్ల మీద మూడు కాగితాల కట్టలు వేసింది. "నాలుగో తారీఖు సోమవారం. ఏడో వెర్షను. 'పేరు సరిపోలిక' అని ఒక మీట ఉంది చూడండి. ఆఫ్‌లో ఉంది. పదకొండో తారీఖు సోమవారం. ఎనిమిదో వెర్షను. అదే మీట, ఆన్‌లో ఉంది. పద్నాలుగున పడవ పోయింది. పద్దెనిమిది సోమవారం. తొమ్మిదో వెర్షను. మళ్ళీ ఆఫ్. పడవ పోయిన మర్నాడే మార్చినట్టు తేదీ ఉంది."

"ఆ మీట ఏం చేస్తుంది?"

"పడవ ఎవరి పేరున ఉందో, ఫోను ఎవరి పేరున ఉందో చూస్తుందండీ. రెండు పేర్లూ ఒకటి కాకపోతే ఆ నంబరు తప్పుల లిస్టులోదని వదిలేస్తుంది. ఫోను చెయ్యదు. రిపోర్టులో ఎత్తారు, ఎత్తలేదు అని రెండే గడులు. చెయ్యనివి కూడా 'ఎత్తలేదు'లోనే పడతాయి."

నాగభూషణరావు గారు కాగితం మీదకి వంగారు. దుర్గాశ్రీనివాస్ గోడ దగ్గర్నించి ముందుకొచ్చాడు. పాలిటెక్నిక్ చదివిన కుర్రాడు, చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది.

"పడవ అన్నయ్య పేరున. ఫోను వదిన పేరున," అన్నాడు అతను మెల్లిగా.

"ఒక్క నిమిషం సార్." శశిధర్ ముందుకు జరిగాడు. "ఇవి ప్రింటు కాగితాలు. ఈ ఫైలు ఎక్కడుంది? ఈమె లాప్‌టాప్‌లో. ఆఫ్ అన్న చోట ఆన్ అని టైపు చెయ్యడం ఎంతసేపు? ఇప్పుడు ఫంక్షన్‌లో ఆ మీట ఆఫ్‌లోనే ఉంది. ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంది. ఈమెకి కంపెనీ మీద వేరే కోపాలున్నాయి, అవి నేనిక్కడ మాట్లాడను."

చూశారా. ఎంత సుళువుగా అనేశాడో. రెండేళ్ళు ఆమె చేత పండగల్లో కూడా పని చేయించుకున్నవాడు, నలుగురిలో ఆమెని దొంగ కాగితాలు పుట్టించే మనిషిని చేసేశాడు. ఉమాశ్రీ చెవులు వేడెక్కాయి. చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. నాంచారమ్మ, "ఏంటో, ఎవరి మాట నమ్మాలో," అని తల కొట్టుకుంది.

"సరే సార్," అంది ఉమాశ్రీ. "నా కాగితాలు నమ్మొద్దు. అందరి ముందూ ఇప్పుడే అడిగిద్దాం. ఇప్పుడున్నదొక్కటే కాదు, ఒకటో నంబరు నించి ఇప్పటిదాకా ఉన్న అన్ని వెర్షన్లూ రప్పిస్తాను. వెర్షన్లలో అక్షరం మార్చలేమని మీరే నాకు నేర్పారు. ఎనిమిది ఆఫ్‌లో ఉంటే నేను అందరి కాళ్ళకీ దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను."

శశిధర్ జేబులోంచి రుమాలు తీశాడు.

దుర్గాశ్రీనివాస్ తన ఫోన్‌లో నెట్ ఇచ్చాడు. ఉమాశ్రీ లాప్‌టాప్‌ని అధికారి వైపు తిప్పి ఒక లైను టైపు చేసింది. తెర మీద అక్షరాలు మెల్లిగా కిందికి జారడం మొదలుపెట్టాయి. సముద్రం పక్క గ్రామం, నెట్ ఎంత వేగంగా వస్తుంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు లేచి బల్ల చుట్టూ మూగారు. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. వాళ్ళే చదివారు పైకి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడు.

తొమ్మిది.

అక్కడితో ఆగిపోయింది.

ఉమాశ్రీ ఒక్క క్షణం తెల్లబోయింది. ఎనిమిది లేదు. రుజువు ఉన్న ఆ ఒక్కటీ లేదు. శశిధర్ రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "చూశారుగా సార్. ఎనిమిది అనేదే లేదు. ఆమె ఊహించుకుంది," అన్నాడు.

అప్పుడు నవ్వారు అనంతపద్మనాభం గారు. ఆయన నవ్వడం ఉమాశ్రీ చిన్నప్పటి నించీ చూస్తోంది, ఇలాంటి నవ్వు మాత్రం ఎప్పుడూ చూడలేదు. అందులో సంతోషం లేదు.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను చెప్పు," అన్నారాయన. "ఎనిమిది పుట్టకపోతే తొమ్మిదో నంబరు ఎలా పడింది?"

శశిధర్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను రికార్డు రూములో ముప్ఫై రెండేళ్ళు రిజిస్టర్లు చూశాను. దిద్దుబాట్లు చేసినవాళ్ళని పట్టుకోడం కష్టం. పేజీ చింపినవాణ్ణి పట్టుకోడం తేలిక. పేజీ నంబరు చూస్తే చాలు. ఏడు తర్వాత తొమ్మిది వచ్చిందంటే ఎనిమిది ఉండేదనీ, దాన్ని ఎవరో చింపారనీ. అక్షరం మార్చడం కుదరదు కాబట్టి పేజీయే చింపారు. అంతేనామ్మా?"

"అంతే నాన్నా. మార్చలేం, తీసెయ్యగలం." ఉమాశ్రీ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తీసెయ్యడానికి అనుమతి కంపెనీలో ఒక్కరికే ఉంది. నాది చదివే అనుమతి మాత్రమే."

ఆ ఒక్కరు ఎవరో ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అందరూ ఇస్త్రీ చొక్కా వైపే చూస్తున్నారు.

"కంపెనీవారు ఇచ్చిన రిపోర్టు ఇలా ఇవ్వండి," అన్నారు నాగభూషణరావు. ఇప్పటిదాకా ఉన్న తొందర ఆయన గొంతులో లేదు. 'ఎత్తలేదు' అన్న గడిలోంచి ఈ ఊరి పేర్లు ఒక్కొక్కటే పైకి చదివారు. "జెనిఫర్."

"నాకా? నాకు రానేలేదండీ," అంది జెనిఫర్, చర్చి వీధిలో ఉండే ఆవిడ. "మా పడవ ఒడ్డునే ఉందిగా పెళ్ళికని. అందుకే చెయ్యలేదేమో అనుకున్నా."

"మాధవీలత."

"నాక్కూడా రాలేదండీ. నేనూ అలాగే అనుకున్నాను."

కొండమ్మ కాక పదకొండు పేర్లు చదివారు. పదకొండుమందీ ఆడవాళ్ళే. పదకొండుమందికీ ఫోను రాలేదు. ఎవరికి వాళ్ళు మా పడవ ఒడ్డునుంది కదా అనుకుని ఊరుకున్నారు, పక్కింటి ఆవిణ్ణి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ రోజు వేటకెళ్ళిన నాలుగు పడవల్లో మూడిళ్ళ ఫోన్లు మగవాళ్ళ పేర్ల మీదున్నాయి. అవి మోగాయి. నాలుగోది కొండమ్మది.

"మగాడి పేరున్న ఫోనైతేనే మోగుద్దా?" అంది మాధవీలత. కోపంతో ఆమె మెడనరాలు ఉబ్బాయి. "మాకు చెప్పాలిగా ఆ ముక్క. చెప్తే మా ఆయన పేరున మార్పించుకునేదాన్ని. ఒడ్డునుండి పిలిచేది మేమైతే, మా పేర్లు తప్పుల్లిస్టులో రాసుకుంటారా?"

"అది... సిస్టమ్ శుభ్రం చేసే క్రమంలో..." అన్నాడు శశిధర్.

"శుభ్రమా?" దుర్గాశ్రీనివాస్ కట్టున్న చెయ్యి బల్లకి ఆనించి వంగాడు. "మర్నాడు మీకు తెలిసింది. తెలిసి మీట ఆపేశారు. ఎనిమిదిని చింపేశారు. ఆ తర్వాత కూర్చుని మా వదిన ఎత్తలేదని ఉత్తరం రాశారు. నేను మా అన్నని నీళ్ళలో పట్టుకోలేకపోయాను సార్, చెయ్యి విరిగింది. ఆ బాధ నాకు చాలదని, ఇన్ని రోజులూ మా వదినతో మాట్లాడకుండా ఉన్నాను. మీ కాగితం చదివి."

నాగభూషణరావు గారు తన ఫారంలో రాసుకున్న లైను మీద అడ్డంగా రెండు గీతలు గీశారు. "ఫోను ఎత్తకపోవడమన్నది లేదు. ఫోను చెయ్యలేదు. అలాగే రాస్తున్నానండీ. కంపెనీవారిని రాతపూర్వకంగా సంజాయిషీ అడుగుతాను."

నాంచారమ్మ చాపమీద నుంచి లేచింది. ముసలావిడ, మోకాళ్ళు పట్టేసి లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు, చెయ్యనివ్వదని తెలుసు. చాప చివరికి నడిచి, కొండమ్మ పక్కన ఉన్న ఖాళీలో కూలబడింది. కోడలి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను తిట్టవే," అంది. కొండమ్మ తిట్టలేదు. పదహారు రోజుల నుంచీ ఆగి ఉన్న ఏడుపు అప్పుడొచ్చింది ఆవిడకి.

ఉమాశ్రీ కళ్ళు తుడుచుకుంది. గెలిచానన్న ఆలోచన రాలేదు గానీ, ఈ ఒక్కరోజుకి తను చదివిన చదువు ఒకరికి పనికొచ్చిందనిపించింది. గుడ్లవల్లేరు కాలేజీలో నాలుగేళ్ళు బస్సుల్లో నిలబడి ప్రయాణం చేసినందుకు ఇది చాలు. తండ్రి కాగితాల అంచులు మళ్ళీ సర్దుతున్నారు.

కొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచి వచ్చింది. వచ్చి ఉమాశ్రీ చెయ్యి పట్టుకుంది, వల లాగి లాగి కాయలు కాచిన చేత్తో.

"నువ్వు దేవతవమ్మా. నా బిడ్డలు ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతారు ఇక. ఒక్కటి చెప్పు. ఆ మీట ఎవరు పెట్టమన్నారు? ఈయనకి మేం తెలీదు. మా ఊరు ఎప్పుడూ రాలేదు. మా పేర్లు తప్పని ఈయనకి ఎట్టా తెలిసింది?"

ఉమాశ్రీ శశిధర్ వైపు తిరిగింది. "చెప్పండి సార్. ఎవరు పెట్టమన్నారు?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఇందాక మెట్ల దగ్గర చూసినట్టే చూశాడు. కోపం లేదు అందులో. "వద్దన్నాను ఉమా," అన్నాడు. "నేను తీసేసింది నా కోసమొక్కటే కాదు."

"కాగితమ్మీదే ఉంటుందిగా," అన్నారు అనంతపద్మనాభం గారు సహజంగా. "ఏ మార్పు ఎందుకు చేశారో చివర ఒక రిమార్కు రాస్తారని నువ్వే అన్నావు కదమ్మా. ఎనిమిదోది పూర్తి నకలు ఉంది. ఆఖరి పేజీ చూడు."

ఉమాశ్రీ ఆఖరి పేజీ ఎప్పుడూ చూడలేదు. ఆమెకి కావలసిన మీట మొదటి పేజీలోనే దొరికింది. అది దొరికిన కోపంలో తక్కినదంతా అనవసరమనిపించింది.

దుర్గాశ్రీనివాస్ కట్ట తిరగేసి చివరి పేజీ పట్టుకున్నాడు. కింద ఇంగ్లీషులో ఒకే లైను. అతను పెదాలు కదుపుతూ లోపల చదువుకున్నాడు. చదివి, ఉమాశ్రీ వైపు ఒకసారి చూసి, కాగితం ఆమె చేతికిచ్చాడు.

"ఇది మీరే చదవండి మేడమ్," అన్నాడు.

ఆ లైను చూడగానే ఆమెకి జూలై నెల ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. గుడివాడ ఆఫీసు, ఫ్యాను కింద తను, కంప్యూటర్లో ఊళ్ళ లిస్టులు. పడవ ఒకరి పేరున, ఫోను ఇంకొకరి పేరున. తను పుట్టిన ఇంట్లో, పేరుకి పేరు కలవని కాగితం కనిపిస్తే అన్నం సహించదు ఎవరికీ. నూట అరవై మూడు చోట్ల ఎర్రరంగు వేసి, పక్కన తన అలవాటు ప్రకారం, 'పేర్లు కలవడం లేదు, సరిచూడవలెను' అని రాసి పైకి పంపింది. పంపి, చక్కగా పని చేశానని టీ తాగింది. ఆ పేర్లన్నీ ఆడవాళ్ళవని గమనించలేదు. ఎందుకని ఒక్కరికి ఫోన్ చేసి అడగలేదు.

"చదవమ్మా," అంది కొండమ్మ. చెయ్యి ఇంకా వదల్లేదు. "నువ్వు చదివితే నేను నమ్ముతాను."

అర్థం కాని ఇంగ్లీషు అని చెప్పొచ్చు. కాగితం మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఈ గదిలో ఆ లైను చదవగలిగినవాళ్ళు ఐదుగురు, వాళ్ళల్లో ఎవరూ నోరు విప్పేలా లేరు. తండ్రి మొహంలో రంగు మారింది, ఆయన ఆమె భుజం మీద నుంచి చదివేశారు. ఇందాక శశిధర్‌ని అడిగిన మాటలన్నీ తన గొంతుతోనే చెవుల్లో మోగుతున్నాయి. తెలిసి ఎలా రాశారు. ఆవిణ్ణి చూశారా.

ఉమాశ్రీ చదివింది. ఒక్కో మాటా తెలుగులో చెప్తూ, గదిలో అందరికీ వినపడేలా చదివింది.

"పేర్లు కలవని నంబర్లకు కాల్స్ ఆపబడినవి. లిస్టు తనిఖీలో ఉమాశ్రీ గుర్తించిన ప్రకారం."

చాపమీద కూర్చున్న నాంచారమ్మకి ఆమె పేరు తెలియదు. గుడివాడమ్మాయి అనే పిలుస్తుంది మొదట్నించీ. కొడుకు పోయిన తల్లి, అడగాల్సినది అడిగింది.

"ఎవరమ్మా ఆ ఉమాశ్రీ? ఎక్కడుంటది?"

కొండమ్మకి తెలుసు. ఆవిడ అత్తకి జవాబు చెప్పలేదు. తను పట్టుకున్న చెయ్యి వైపు చూసి, దాన్ని మెల్లిగా వదిలేసింది.